నెల తర్వాత కూడా మార్పు లేదు

పేటెంటు ఆఫీసు మూడో అంతస్తులో జిగురు పదార్థాల విభాగానికి ఒక ఎగ్జామినరు ఉండేవాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉందిగానీ, ఆఫీసులో అందరూ చాటుగా పిలిచే పేరు మాత్రం కొట్టివేత గారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన చేతుల మీదుగా బయటపడ్డ పేటెంట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కొట్టేసిన ఫైళ్ళు అలమారాల్లో పట్టక కింది అంతస్తు వరండాలోకి దిగాయి. చాటు పేరు సంగతి ఆయనకు తెలుసు. సిగ్గుపడకపోగా, అదేదో బిరుదైనట్టు మురిసిపోయేవాడు.

ఆయన సిద్ధాంతం చాలా చిన్నది. లోకంలో కనిపెట్టవలసినవన్నీ ఎప్పుడో కనిపెట్టేశారు. ఇప్పుడొచ్చే వాళ్ళంతా రెండు డబ్బాల్లోంచి రెండు చుక్కలు కలిపి, అబ్బో, నేనెంతవాణ్ణి అని కాలర్ ఎగరేసే బాపతు. దరఖాస్తు చేతికి రాగానే మొదటి పేజీ చదివి "హు" అనేవాడు. రెండో పేజీకి నవ్వేవాడు. మూడో పేజీ దాకా వెళ్ళే అలవాటు తక్కువ.

ఇక పారదర్శకంగా ఉండే జిగురు ఫిలిం మీద దరఖాస్తు వచ్చిందంటే ఆ రోజు ఆయనకు పండగే. ఫోను ముందరి గాజుకీ, దాని కింద వెలిగే తెరకీ మధ్య పల్చటి జిగురు పొర ఒకటి ఉంటుంది. అది గట్టిగా పట్టుకోవాలి, కానీ అక్కడ ఉన్నట్టు కంటికి తెలియకూడదు. పాలీయూరిథేన్‌ అనే ప్లాస్టిక్ జాతి పదార్థంతో చేసిన పొర దెబ్బకు బాగా ఓర్చుకుంటుంది. చిక్కల్లా ఏమిటంటే, రోజులు గడిచేకొద్దీ అది మబ్బు పడుతుంది, బుడగలు లేస్తుంది, పసుపు తిరుగుతుంది. ఈ జబ్బుకు మందు కనిపెట్టామని ఎవరైనా వస్తే చాలు, కొట్టివేత గారు తాళం తీసి, డ్రాయరు లాగి, అందులోంచి నాలుగు పేజీల పేపరొకటి తీసి వాళ్ళ మొహాన కొట్టేవాడు.

ఆ పేపరు ఇరవై తొమ్మిదేళ్ళ కిందటిది. రెండు రసాయనాలు సమపాళ్ళలో కలిపి, గాజు మీద పూసి, మధ్యలో ఆపకుండా రెండు గంటలు వేడి చేస్తే అద్దంలాంటి పొర వస్తుందని అందులో ఉంది. ఆఖరి వాక్యం ఇది: నెల తర్వాత కూడా స్పష్టతలో మార్పు లేదు. ఎప్పుడో ఇంత మంచి పద్ధతి అచ్చయి ఉంటే, ఇప్పుడు ఎవరో వచ్చి నేను కనిపెట్టానంటే కుదరదు కదా. కొత్తదనం లేదు, కొట్టివేయడమైనది అని రాసి ముద్ర వేయడమే.

ఆ పేపరు రాసినవాడెవరో కాదు, ఆయనే. ఆ పేపరు వల్ల డాక్టరేటు, డాక్టరేటు వల్ల ఈ ఉద్యోగం, ఉద్యోగం వల్ల గది తలుపు మీద 'డాక్టర్' అని ఇత్తడి పలక. లోకంలో మరే మానవుడూ కావాలని ఆ పేపరు చదివిన దాఖలా లేదు. ఆయన మాత్రం దాన్ని పదకొండు దరఖాస్తుల మీద ప్రయోగించాడు. తన కాగితాన్ని తానే సాక్షిగా పిలిచి, తానే జడ్జీగా కూర్చుని, తానే శిక్ష వేసేవాడు. పెద్ద గుమస్తా ఒకసారి దగ్గి, "సార్, ఇది మీదే కదా. పరవాలేదంటారా?" అని నసిగాడు.

"సైన్సుకి మనదీ పరాయిదీ అని ఉండదయ్యా," అన్నాడు కొట్టివేత గారు. పెద్ద గుమస్తా ఆ తర్వాత ఎప్పుడూ దగ్గలేదు.

పన్నెండో దరఖాస్తు ఒక అన్నాచెల్లెళ్ళది.

విచారణ గది ఇరుకుగా ఉంటుంది. పొడుగాటి బల్ల, దాని మీద ఏళ్ళ తరబడి ఎవరెవరో గోళ్ళతో గీకిన గీతలు, ఆరు కుర్చీలు. మెత్త ఉన్న కుర్చీ ఒక్కటే, అది ఆయనది. చెల్లెలికి నలభై దాటి ఉంటాయి. గోళ్ళ అంచుల్లో జిగురు గట్టిపడి గాజు పెంకుల్లా మెరుస్తోంది. ఒకప్పుడు పెద్ద ఫిలిం కంపెనీలో పూత యంత్రం మీద పనిచేసి, మానేసి, అన్నతో కలిసి ఊరి చివర షెడ్డులో ఒక్క యంత్రం పెట్టుకుంది. అన్న పక్కనే, ఒళ్ళో బరువైన సంచీ పెట్టుకుని, అది పడిపోతుందేమో అన్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. బల్ల చివర పెద్ద గుమస్తా రికార్డు రాయడానికి సిద్ధంగా ఉన్నాడు.

"మీ దరఖాస్తు రాసిన ఏజెంటు ఎవరమ్మా?" అన్నాడు కొట్టివేత గారు.

"ఎవరూ లేరు సార్. నేనే రాసుకున్నాను."

"అదే, చదువుతుంటేనే తెలుస్తోంది." ఫైలు మూసేశాడు. "సరే, ఏం కనిపెట్టారో ఒక్క ముక్కలో చెప్పండి. నాకు పన్నెండింటికి ఇంకో విచారణ ఉంది."

"పొరని ఒకేసారి ఉడికించం సార్. సగం గట్టిపడగానే ఆపేస్తాం. తేమ లేని గదిలో రెండు రోజులు అలా వదిలేస్తాం. లోపల చిక్కుకున్న గాలీ తేమా మెల్లగా బయటికి పోతాయి. ఆ తర్వాతే మిగతా వేడి పెడతాం. ఇక అది మబ్బు పట్టదు."

"అంటే మధ్యలో రెండు రోజులు మీరేం చేస్తారు?"

"ఏమీ చెయ్యం సార్."

"ఏమీ చెయ్యకపోవడం కూడా ఆవిష్కరణేనా! అలాగైతే ఈ అంతస్తులో ఉన్న గుమస్తాలందరికీ తలా ఒక పేటెంటు ఇవ్వాలి."

తన జోకుకి తనే పగలబడి నవ్వాడు. పెద్ద గుమస్తా కాగితం మీంచి తల ఎత్తలేదు. అన్న సంచీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కొట్టివేత గారు డ్రాయరులోంచి తెచ్చుకున్న నాలుగు పేజీలూ బల్ల మీద జారవిడిచాడు.

"దీన్ని చూశారా ఎప్పుడైనా?"

"చూశాను సార్. పద్నాలుగేళ్ళుగా మా ఇంట్లో ఉంది."

ఆయన గుండె ఒక్క క్షణం పూలపానుపు ఎక్కింది. ఇరవై తొమ్మిదేళ్ళలో మొట్టమొదటి పాఠకురాలు! ఎక్కడో షెడ్డులో, జిగురు డబ్బాల మధ్య, తన పేపరు పద్నాలుగేళ్ళుగా కాపురం చేస్తోందట. ఆయన గొంతు దానంతటదే మెత్తబడింది.

"అలాగా? మరి... బాగా రాశాడంటారా?"

"భాష బాగుంది సార్," అంది ఆమె. "ఆఖరి వాక్యమే నిజం కాదు."

అన్న అప్పటికే సంచీ విప్పి, బల్ల మీద నల్లగుడ్డ పరిచి, గాజు పలకల జతలు ఒక్కొక్కటే పెడుతున్నాడు. అరచేతి పరిమాణం పలకలు, రెండేసి అతికించినవి. ప్రతి దాని అంచునా తేదీ రాసిన చీటీ. అవన్నీ పేపరులో ఉన్న పద్ధతిలో, అక్షరం పొల్లుపోకుండా చేసినవని ఆమె చెప్పింది. నలభై ఒక్క జతలు. నిన్న చేసింది నీళ్ళలా ఉంది. వారం కిందటి దానికి ఒక మూల తెల్లటి మరక. నెల కిందటి దాని మీద పాలు ఒలికినట్టుంది, మధ్యలో ఆవగింజల్లాంటి బుడగలు. పాతవైతే ముసలివాళ్ళ పళ్ళ రంగు. చివరగా విడిగా ఒక్క జత పెట్టాడు. అది ఆమె పద్ధతిలో మూడేళ్ళ కిందట చేసింది. దాని కింద ఉన్న నల్లగుడ్డ నేత పోగులు కూడా కనబడుతున్నాయి. మధ్యలో పొర ఉందా లేదా అని కొట్టివేత గారు గోరు పెట్టి చూడబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అక్కడే ఒప్పుకుని ఉంటే గౌరవంగా పోయేది. కానీ ఒప్పుకోవడం ఆయన ఒంటికి పడని వస్తువు.

"మీకు చెయ్యడం చేతకాక పేపరుని తప్పంటున్నారు," అన్నాడు.

"నలభై ఒక్కసార్లూ మా చెయ్యే తప్పా సార్?" అన్న లేచి నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఊరుకో." ఆమె అతని మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. తర్వాత ఆయన వైపు తిరిగింది. "సార్, ఇది పోతే మాకింకేం లేదు. మేం దరఖాస్తు వేశాక నేను పనిచేసిన కంపెనీ వాళ్ళు షెడ్డుకొచ్చారు. కొంటామని చెప్పి అంతా చూసి వెళ్ళి, ఇప్పుడు వాళ్ళే ఇదే పొర చేస్తున్నారు. మీరు కొట్టేస్తే వాళ్ళని అడిగేవాడు ఉండడు. మేం యంత్రం ఆపుకుని ఇంట్లో కూర్చోవడమే."

"ఇదంతా నాకెందుకమ్మా? అచ్చయిన కాగితం అబద్ధమని నిరూపించాలంటే మీ వంటలు చాలవు." ఇక్కడ ఆయనకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. గొప్పదనే అప్పుడు అనిపించింది. "ఆ పేపరు రాసినవాడు స్వయంగా, తన చేత్తో చేసిన ముక్క తీసుకురండి. అది మబ్బు పట్టి ఉందనుకోండి, మీ పేటెంటు మీ చేతిలో పెడతాను. రాసుకోవయ్యా గుమస్తా, రికార్డులో రాసుకో! గడువు పదిహేను రోజులు."

"ఇరవై తొమ్మిదేళ్ళయింది సార్. అది ఎక్కడ దొరుకుతుంది?"

"అది మీ తిప్పలు."

ఆ పాత ల్యాబు కూలగొట్టి కార్లు నిలుపుకునే స్థలం చేశారని ఆయనకు తెలుసు. అక్కడి ముక్కలు ఎప్పుడో చెత్తకుప్పలో కలిశాయనీ తెలుసు. పెద్ద గుమస్తా మాత్రం ఆ మాటల్ని నింపాదిగా, కామా కూడా వదలకుండా రాసుకున్నాడు.

ఆయన భార్య కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేది. అద్దాలు కొలవడం, అరగదీయడం, ఫ్రేముల్లో బిగించడం ఆవిడ పని. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కొట్టివేత గారు విచారణ కథంతా అభినయించి చూపించాడు. చెల్లెలి గొంతు అనుకరించాడు, అన్న లేచి నిలబడడం చూపించాడు, గుమస్తాలకి పేటెంట్ల జోకు రెండుసార్లు చెప్పాడు. భార్య నవ్వలేదు.

"ఏ ముక్క తెమ్మన్నారు?" అంది.

"రాసినవాడు స్వయంగా చేసింది. ఎక్కడ తెస్తుంది, ఆవిడ మొహం!"

భార్య చెయ్యి కడుక్కుంది. హాల్లోకి వెళ్ళింది. గోడ మీంచి వాళ్ళ పెళ్ళి ఫోటో తీసుకొచ్చి, ఆయన కంచం పక్కన పెట్టింది.

ఆ ఫోటో కథ ఇంట్లో అందరికీ తెలిసిందే. పెళ్ళయిన కొత్తలో పెళ్ళికొడుకు గారు తన సొంత ల్యాబులో, తన సొంత పద్ధతిలో, ఫోటోని రెండు గాజు పలకల మధ్య అతికించి తెచ్చాడు. నూరేళ్ళు ఇలాగే ఉంటుందని చుట్టాలందరికీ చూపించాడు. ఇప్పుడు దాన్ని చూస్తే పెళ్ళికూతురు భుజం, పెళ్ళికొడుకు ఒక బూటు తప్ప మిగతాదంతా పసుపు పొగ. మొహాలున్న చోట బుడగలు. ఫోటోగ్రాఫరు నాసిరకం కాగితం వాడాడని ఆయన మొదట్లో తిట్టేవాడు. తర్వాత గోడ చెమ్మని తిట్టాడు. ఆ తర్వాత కిటికీ ఎండని.

"ఇదేమిటి?" అన్నాడు.

"మీరడిగిన ముక్క."

"పిచ్చిపిచ్చిగా మాట్లాడకు. ఇది కాగితం చెడిపోవడం."

"మీ కాగితాల సంగతి నాకు తెలియదు. అద్దాల సంగతి తెలుసు." ఆవిడ దుకాణం భూతద్దం తెచ్చి గాజు మీద పెట్టింది. "చూడండి. ఫోటో శుభ్రంగానే ఉంది. మసకంతా ఫోటోకీ గాజుకీ మధ్య ఉంది. బుడగలూ అక్కడే. అక్కడ ఉన్నది మీ జిగురు తప్ప ఇంకేం లేదు."

"నీకెప్పటినుంచి తెలుసు?"

"పెళ్ళయిన రెండో వారం నుంచి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"పోనీలే, ఫోటోయే కదా అనుకున్నాను. దీన్ని పట్టుకుని జనాల నోట్లో మట్టి కొడుతున్నారని నాకేం తెలుసు? ఎంతమందిని కొట్టారిలా?"

"పదకొండు," అన్నాడు. ఎందుకు నిజం చెప్పాడో ఆయనకే అర్థం కాలేదు.

భార్య ఆ పదకొండు మందీ అక్కడే నిలబడి ఉన్నట్టు ఆయన చుట్టూ ఒకసారి చూసి, కంచాలు తీసేసింది.

ఆయనకు అన్నీ గుర్తున్నాయి, ఏదీ మర్చిపోలేదు. అదే అసలు రోత. ఆనాడు ల్యాబులో పొర చల్లారిన గంట లోపే స్పష్టత కొలిచాడు. కొలత అద్భుతంగా వచ్చింది. ప్రొఫెసరు పేపరు ఆ సాయంత్రానికల్లా కావాలన్నాడు. నెల ఆగి చూడాలని ఆయనకు తెలుసు, కానీ నెల తర్వాత కూడా మార్పు లేదని రాయడానికి అర నిమిషం చాలింది. మర్నాడు పొద్దున్నే వచ్చి చూస్తే ఒక పలక మూల తెల్లటి మరక కనబడింది. తన ఊపిరి తగిలి ఆవిరి పట్టిందనుకుని రుమాలుతో తుడిచాడు. పోలేదు. మళ్ళీ తుడిచాడు. పోలేదు. పలకని డ్రాయరులో పడేసి తాళం వేశాడు. డ్రాయర్లకి తాళాలు వేసే అలవాటు అప్పుడే మొదలైంది.

సోమవారం ఆఫీసుకి బయలుదేరుతుంటే బ్యాగు బరువుగా తగిలింది. తెరిచి చూస్తే ఫోటో. గొణుక్కుంటూ తీసి గోడకి తగిలించి వెళ్ళాడు. రెండో రోజూ బ్యాగులో ఫోటో. మూడో రోజూ అంతే. భార్య నోరెత్తి ఒక్క మాట అనేది కాదు. పొద్దున టిఫిన్ డబ్బా పెట్టినంత మామూలుగా దాన్ని బ్యాగులో పెట్టేది. ఆయన అంతే మామూలుగా తీసేసేవాడు. ఇరవై రెండేళ్ళు జనాన్ని గడగడలాడించిన మనిషి, సొంత ఇంట్లో మేకుకీ బ్యాగుకీ మధ్య దాదాపు రెండు వారాలు తిరిగాడు.

ఈలోగా బుర్రకి పదును పెట్టకపోలేదు. ఫోటోలో పొర వేరు, పేపరులో పొర వేరు అనొచ్చు. ఫోటో కాగితం వల్ల రసాయనం మారిందనొచ్చు. ఒక రోజు దాన్ని మెట్ల మీద జారవిడిస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాడు. జారవిడవడానికీ ధైర్యం చాల్లేదు. భార్య ఆ పెంకులన్నీ ఏరి బ్యాగులో పోస్తుందని భయం. అసలెందుకీ గొడవ? ఆ ముక్క సంగతి ఆయనకీ భార్యకీ తప్ప ఎవరికీ తెలియదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, గడువు దానంతటదే పోతుంది.

పదిహేనో రోజు ఆయన రెండు పనులు చేశాడు. ఆఫీసుకొచ్చి కొట్టివేత ఉత్తర్వు టైపు చేయించి ఫైలులో పెట్టాడు. దానికి ముందు, ఇంట్లో, బ్యాగులోంచి ఫోటో తీయడం మానేశాడు. ఎందుకు తీయలేదని అడిగితే బస్సుకి టైమైందని చెప్పేవాడే. అడిగినవాళ్ళు లేరు.

అన్నాచెల్లెళ్ళు అవే కుర్చీల్లో కూర్చున్నారు. ఈసారి సంచీ పల్చగా ఉంది. ఆమె ఒక ఉత్తరం బల్ల మీద పెట్టింది. పాత ల్యాబు ఇప్పుడు లేదనీ, నమూనాలేవీ భద్రపరచలేదనీ కాలేజీ వాళ్ళు రాసిచ్చారు.

"దొరకలేదు సార్," అంది.

"దొరకదని తెలిసిందేగా." ఆయన ఫైలు తెరిచాడు. టైపు చేసిన ఉత్తర్వు పైనే ఉంది, సంతకం ఒక్కటే తక్కువ.

"తెలుసు సార్. మీరు కొట్టేస్తారనీ తెలుసు. ఎలాగూ కొట్టేస్తున్నారు కాబట్టి ఒక మాట చెప్పి వెళ్తాను. ఈ పేపరు పద్నాలుగేళ్ళుగా మా ఇంట్లో ఉందన్నాను కదా. అది మేం తెచ్చుకున్నది కాదు. పోస్టులో వచ్చింది, మా నాన్న దరఖాస్తు కొట్టేసిన ఉత్తరంతో పాటు."

పెద్ద గుమస్తా కలం ఆగింది.

"మా నాన్న కూడా పూత పనివాడే. బుడగలు రాకుండా తన పద్ధతి ఏదో పట్టుకుని దరఖాస్తు వేశాడు. ఇంతకంటే తేలిక పద్ధతి ఎప్పుడో అచ్చయిందని మీరు రాశారు. అచ్చులో ఉందంటే నిజమే అయి ఉంటుందని ఆయన నమ్మాడు సార్. అందులో ఉన్నట్టే చేసి చూశాడు. మబ్బు పట్టింది. నా చేతిలోనే ఏదో లోపముంది, డాక్టరు గారికి వచ్చింది నాకెందుకు రాదని మళ్ళీ చేశాడు. మొన్న మీరు చూసిన నలభై ఒక్క ముక్కల్లో మొదటి పంతొమ్మిదీ ఆయనవే. పోయేముందు కూడా చేతులు వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకునేవాడు."

ఆమె గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టలేదు. ఏదో పని వివరం చెప్పినట్టే చెప్పింది.

"ఆ ఉత్తరం కింద సంతకం, ఈ పేపరు మీద పేరు ఒకటే సార్. మొన్ననే అడిగేద్దామన్నాడు అన్నయ్య. నేనే ఆపాను. అడిగితే మీకు కోపం వచ్చి కొట్టేస్తారేమోనని భయపడ్డాను. ఇప్పుడా భయం కూడా లేదు." లేచి నిలబడింది. "పద అన్నయ్యా."

ఆ పంతొమ్మిది ముక్కల్నీ కొట్టివేత గారు మొన్న ఇదే బల్ల మీద చూశాడు. మీకు చెయ్యడం చేతకాదని అన్నాడు. బల్ల కింద ఆయన కాలికి బ్యాగు తగిలింది. జీవితంలో మొదటిసారి ఆయనకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఊరందరి మీదా చూపిన తిరస్కారమంతా ఒక్క చోటే, తన మీదే, దిగినట్టయింది.

"కూర్చోండి," అన్నాడు.

బ్యాగు పైకెత్తి, ఫోటో తీసి, వాళ్ళ వైపు తిప్పి బల్ల మీద పెట్టాడు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత వంగి చూసింది. పనివాళ్ళకుండే అలవాటు కొద్దీ మబ్బున్న చోట బొటనవేలితో తుడిచింది.

"తుడిస్తే పోదు," అన్నాడు ఆయన.

"ఇది ఎవరు చేశారు సార్?"

"నేనే. ఆ పేపరు రాసిన వారంలో, అదే పద్ధతిలో, నా చేత్తో."

అన్న లేచి, ఫోటోని పక్కకి వంచి వెలుతురులో చూశాడు. అంచు దగ్గర గోరుతో కొట్టి విన్నాడు. చెల్లెలి వైపు చూసి తల ఊపాడు.

పెద్ద గుమస్తా చాలా కాలం తర్వాత దగ్గాడు. "రికార్డులో ఏం రాయమంటారు సార్?"

"ఉన్నదున్నట్టు రాయి. అడిగిన ముక్క అందింది. మబ్బు పట్టి ఉంది. పేపరులో ఆఖరి వాక్యం అబద్ధం. ఆ పద్ధతి పనిచేయదు. కాబట్టి వీళ్ళ పద్ధతి కొత్తది, పేటెంటు ఇవ్వదగ్గది."

"ముక్క ఎవరు దాఖలు చేశారని రాయను?"

"నా పేరు రాయి."

"పేరు ముందర డాక్టర్ అని పెట్టమంటారా సార్?"

పెద్ద గుమస్తా మొహంలో వెటకారం వెతికినా దొరకదు. పద్ధతి ప్రకారమే అడిగాడు. కొట్టివేత గారు టైపు చేసిన ఉత్తర్వుని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు. గుమస్తా ఉత్త పేరు రాసుకున్నాడు. తర్వాత ఇంకో కాగితం మీద ఏవో అంకెలు వేసి ఆయన ముందుకు జరిపాడు. పాత ఫైళ్ళ నంబర్లవి. మొత్తం పదకొండు.

ఆమె కృతజ్ఞతలు చెప్పలేదు. చెబుతుందని ఆయన ఎదురుచూశాడు కూడా, అంత సిగ్గులేనితనం ఇంకా మిగిలే ఉంది. ఆమె మాత్రం ఫోటో మీంచి కళ్ళు తిప్పకుండా నిలబడింది.

"సార్, ఇది ఒక్క రోజు ఇస్తారా? మా అమ్మకి చూపించి తెచ్చిచ్చేస్తాను."

"మీ అమ్మగారికా? ఎందుకు?"

"నాన్న చెయ్యి మంచిదేనని చెబితే నమ్మదు సార్. పేపర్లో వచ్చినాయనకి కుదిరింది, మీ నాన్నకే కుదరలేదంటుంది ఇప్పటికీ. పేపర్లో వచ్చినాయనది కూడా ఇలాగే అయిందని కళ్ళతో చూస్తే..."

అన్న నల్లగుడ్డ పరిచాడు. కొట్టివేత గారు ఫోటోని తనే ఎత్తి ఆ గుడ్డ మీద పెట్టాడు. బుడగల వెనక ఎక్కడో ఉన్న ఇరవై ఆరేళ్ళ కుర్రాడి మొహం ఆయనకు కనబడలేదు, వాడి బూటే కనబడింది.

"తొందరేం లేదు," అన్నాడు. "నెల రోజులు ఉంచుకోండి. నెల తర్వాత కూడా మార్పేం ఉండదు."

అన్న గుడ్డ నాలుగు కొసలూ ముడి వేసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చెల్లెలు గుమస్తా చూపించిన చోట సంతకం పెడుతోంది.